ఆర్‌ఎక్స్ 135ను కొండదారికి తయారుచేయడం: ఇంజన్ ఎంపిక, ట్యూనింగ్, సుంకి ఘాట్‌లో పట్టేసిన పిస్టన్

ఒడిశాలోని రాయగడ నుంచి మీరు రాసిన ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. గుణుపురంలో కొన్న నాలుగు గేర్ల యమహా టూ స్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 135నే కొండదారులకు తయారుచేసుకోవాలా, లేక విశాఖపట్నంలో ఒకరు అమ్మజూపుతున్న పాత 250 సి.సి. విదేశీ మోటోక్రాస్ బండి కొనాలా అన్నది మొదటిది. పోర్టులు (సిలిండర్ గోడలోని రంధ్రాలు) పెంచి, 28 మి.మీ. కార్బొరేటర్ బిగించి, సిలిండర్ పైమూత అయిన హెడ్ కోసి, ఎక్స్‌పాన్షన్ చాంబర్ (శంకువులా ఉబ్బిన సైలెన్సర్ పైపు) వేసి, మొత్తం పని ఒకేసారి చేసి ఇస్తానన్న ట్యూనర్ మాట వినవచ్చా అన్నది రెండోది. కోరాపుట్‌లో జెట్లు (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలు) వేయించుకుని, దేవమాలి కొండ ఎక్కి దిగి, సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు వస్తూ, ఘాట్ దాటి చదును రోడ్డు మీద థ్రాటిల్ పూర్తిగా తెరిచిన అర నిమిషానికే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని ఇంజన్ ఎందుకు పట్టేసింది అన్నది మూడోది. ఈ మూడోదాన్ని మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు గానీ, నా లెక్కలో అసలు ప్రశ్న అదే. అది తేలకుండా ట్యూనింగ్ మీద ఎంత పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే అవుతుంది.

ఎంపిక సంగతి ముందు చెప్పేస్తాను. మోటోక్రాస్ బండి, ఎండ్యూరో బండి చూపులకు అన్నదమ్ముల్లా ఉన్నా వాటి ఇంజన్ల స్వభావం వేరు. మోటోక్రాస్ ఇంజన్ కొద్దిసేపు సాగే పందెం కోసం కట్టినది కాబట్టి దాని మ్యాగ్నెట్ (క్రాంకు చివర తిరిగే చక్రం) తేలికగా ఉంటుంది, గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, శక్తిలో ఎక్కువ భాగం పై ఆర్‌పీఎంలోనే వస్తుంది. జీడితోటల వెనక దారిలో, తడిసిన ఎర్రమట్టి మీద నడక వేగంతో ఎక్కవలసి వచ్చినప్పుడు అటువంటి ఇంజన్ అయితే ఆగిపోతుంది, లేదా వెనక చక్రాన్ని ఉన్నచోటే గిరగిర తిప్పేస్తుంది. ఎండ్యూరో ఇంజన్‌కు బరువైన మ్యాగ్నెట్, పొట్టి మొదటి గేరు, పొడుగు చివరి గేరు ఉంటాయి. దాదాపు ఒకే బరువున్న బండిలో ఆర్‌ఎక్స్ 100 ఇచ్చే 11 గుర్రాలకు బదులు ఆధునిక 250 సి.సి. టూ స్ట్రోక్ 40 గుర్రాలకు పైగా ఇస్తుందన్నది నిజమే. కానీ రిజిస్ట్రేషన్ లేని ఆ బండిని మీ ఇంటి నుంచి కొండ అడుగు దాకా పికప్ వ్యాన్‌లో వేసుకుని పోవాలి, పిస్టన్‌ను కిలోమీటర్లు కాక గంటలు లెక్కపెట్టి మార్చాలి, ఒక ప్యాకింగ్ చిరిగితే వారాల తరబడి ఎదురుచూడాలి. మీరు వారానికొకసారి, ఆదివారం పూట దేవమాలి వైపు వెళ్లేవారని రాశారు. అటువంటప్పుడు ఆర్‌ఎక్స్ 135 దగ్గరే ఆగండి.

ఆ బండి మంచి ఎంపికే. 1985లో వచ్చి 1996 వరకు తయారైన ఆర్‌ఎక్స్ 100కు బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ నడిచే దూరం) 50 మి.మీ.; 135కు స్ట్రోక్ అదే ఉంచి బోరును 58 మి.మీ. చేశారు. కొండ మీద కావలసింది పై వేగంలో వచ్చే అరుపు కాదు, కింద ఆర్‌పీఎంలో దొరికే లాగుడు. ఆర్‌ఎక్స్ 100లోని 98 సి.సి. ఇంజన్‌ను పోర్టులు తవ్వి 135లోని 132 సి.సి. ఇంజన్‌తో సమానం చేయవచ్చు గానీ, అలా వచ్చిన శక్తి అంతా పైకి పోతుంది. ఐదు గేర్ల 135 దొరికి ఉంటే ఇంకా బాగుండేది, దొరకలేదు కాబట్టి దాని గురించి బెంగ వద్దు. సుజుకి షోగన్ బండి ఇంజన్ కూడా గట్టిదే అయినా దాని సామాను కోసం ఊళ్లు తిరగాలి, రాజ్‌దూత్ 350 ఈ దారులకు మరీ బరువు.

ఇప్పుడు పట్టేసిన ఇంజన్ సంగతి. బ్లాక్ (సిలిండర్) విప్పినప్పుడు పిస్టన్‌ను పారేయకండి, అది రాసిపెట్టిన వాంగ్మూలం లాంటిది. గీతలు నాలుగు మూలలా సమానంగా ఉంటే ఇంజన్ వేడెక్కకముందే గట్టిగా లాగారని గానీ, బోరులో సందు తక్కువ వదిలారని గానీ అర్థం. సైలెన్సర్ వైపు మాత్రమే లోతుగా గీసుకుని, అల్యూమినియం పూసినట్టు మెరుస్తుంటే గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమంలో పెట్రోలు తక్కువై వేడి పెరిగిందని అర్థం. కార్బొరేటర్ వైపు గీతలుంటే ఆయిల్ అందలేదని అనుమానించాలి. పిస్టన్ పైఅంచునో హెడ్ అంచునో ఇసుకతో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తే అది డిటొనేషన్, అంటే మిశ్రమం క్రమంగా మండక తనంత తానే పేలడం, చేసిన పని. మీ వివరాలను బట్టి చూస్తే సైలెన్సర్ వైపు గీతలు కనిపిస్తాయని నా ఊహ, దానికి కారణం ఒకటి కాదు, మూడు కలిసి ఉంటాయి.

మొదటి కారణం ఎత్తు. కోరాపుట్ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, సాలూరు 200 మీటర్ల లోపే. సాలూరుతో పోలిస్తే దేవమాలి మీద గాలి దాదాపు 14 శాతం పలచన. గాలి పలచబడినప్పుడు కార్బొరేటర్ పెట్రోలును అంత మేరకు తగ్గించదు, సుమారు సగమే తగ్గిస్తుంది. అందువల్ల అదే జెట్‌తో పైన మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువై అది 7 శాతం దాకా చిక్కబడుతుంది. కోరాపుట్‌లో సరిగ్గా కుదిర్చిన జెట్ సాలూరు చేరేసరికి మూడు నాలుగు శాతం పలచబడుతుంది. రెండో కారణం పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. శుద్ధ పెట్రోలు ఒక పాలు మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలంటే ఇ20కి 13.5 పాళ్లే సరిపోతుంది, అంటే అదే గాలికి ఇంచుమించు 8 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. కోరాపుట్‌లో కంపెనీ అంకె చూసే జెట్ వేసి ఉంటే, ఆ అంకె ఈ ఇంధనం కోసం పెట్టినది కాదు. వింత ఏమిటంటే, దేవమాలి మీద ఎత్తు వల్ల వచ్చే చిక్కదనం, ఇథనాల్ వల్ల వచ్చే పలచదనం ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ ఇంజన్ వీణలా పలుకుతుంది. కిందికి దిగేకొద్దీ ఆ సర్దుబాటు కరిగిపోతుంది. మూడో కారణం ఘాట్ దిగిన తీరు, దాని గురించి చివర్లో చెబుతాను.

వీటికి నాలుగో అనుమానం ఒకటి కలుపుతాను, అది నా సొంత అనుభవం. సిమిలిగుడలో నేను షాపు పెట్టిన మొదటి సంవత్సరాల్లో నా సొంత 135 ఒకే శీతాకాలంలో రెండుసార్లు పట్టేసింది. పలచన అని గ్రహించి మెయిన్ జెట్ ఒక్కొక్క అంకె పెంచుకుంటూ నాలుగు మెట్లు ఎక్కాను. ప్లగ్గు నల్లబడింది గానీ, థ్రాటిల్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగకుండా గాల్లో వేలాడుతూనే ఉంది. ఆ లక్షణాన్ని నేను ఐడిల్ స్క్రూ తప్పు అనుకున్నాను. చివరికి మ్యాగ్నెట్ ఊడదీసి చూస్తే, దాని వెనక క్రాంకు చుట్టూ గాలి చొరకుండా ఆపే రబ్బరు సీలు చుట్టూ ఆయిల్ చెమర్చి, ఎర్రమట్టి దుమ్ము దానికి అంటుకుని, తడిపిన కుంకుమ ముద్దలా గడ్డకట్టి ఉంది. సీలు పెదవి వేలితో నొక్కితే లొంగలేదు, గట్టిపడిన రేగిపండు తోలులా ఉంది. ఆ సందులోంచి క్రాంక్‌కేసు (పిస్టన్ కింద క్రాంకు తిరిగే గది) గాలి పీల్చుకుంటున్నంత కాలం నేను ఏ జెట్ వేసినా అది అబద్ధపు జెట్టే. ముప్పై నలభై రూపాయల సీలు కోసం రెండు పిస్టన్లు, రెండు బోర్లు పోగొట్టుకున్నాను.

అందుకే ట్యూనింగ్ అంటే నా దృష్టిలో మొదటి పని లీకు పరీక్ష. దీనికి ఖరీదైన సామాను అక్కరలేదు. డాక్టర్ల దగ్గర ఉండే, గుండ్రటి ముల్లు డయల్ ఉన్న బీపీ మిషను పాతది ఒకటి సంపాదించి, దాని పట్టీ తీసేసి, బల్బునూ డయల్‌నూ మాత్రం ఉంచుకోండి. కార్బొరేటర్ తీసి, దాన్ని ఇంజన్‌కు కలిపే రబ్బరు నోటికి బిగుతైన బిరడా పెట్టి క్లిప్పు బిగించండి. సైలెన్సర్ తీసి ఆ నోటిని పాత ట్యూబు ముక్క, దాని మీద రేకు పెట్టి మూయండి. ప్లగ్గు స్థానంలో, పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసి గొట్టం అతికించిన తొడుగు బిగించండి. పిస్టన్‌ను అడుగుకు దింపితే, మిశ్రమాన్ని కింది నుంచి పైకి పంపే ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని సిలిండరూ క్రాంక్‌కేసూ ఒకటవుతాయి. అప్పుడు ముల్లు 260 దగ్గరికి వచ్చేదాకా బల్బు నొక్కండి. అది దాదాపు 5 పౌండ్ల పీడనం, అంతకు మించి ఎక్కించకండి. మంచి ఇంజన్‌లో ఆ ముల్లు ఐదారు నిమిషాల పాటు నత్తలా దిగుతుంది. నిమిషానికి డయల్ అంకెల్లో 50కి మించి పడితే ఎక్కడో దారి ఉన్నట్టే. కుంకుడుకాయ నురగ గానీ సబ్బు నీళ్లు గానీ బ్లాక్ కింద ప్యాకింగ్ చుట్టూ, రబ్బరు అడుగున, రెండు కేసులు కలిసే గీత వెంట, మ్యాగ్నెట్ తీసి సీలు మీద బ్రష్షుతో పూస్తే బుడగ వచ్చిన చోటు పట్టిస్తుంది. క్లచ్ వైపు సీలు బయటికి కనిపించదు. కానీ గేరుబాక్సు ఆయిల్ తరిగిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే దోషం అక్కడే. ఒక్క జాగ్రత్త: లోపలి నుంచి ఒత్తిడి పెట్టినప్పుడు బిగుసుకునే సీలు, పీల్చినప్పుడు వదులవ్వవచ్చు. అందుకే బండి వయసు తెలియనప్పుడు రెండు సీళ్లూ మార్చేయడమే నా పద్ధతి.

లీకు లేదని తేలాక బోరు, అంటే సిలిండర్ లోపలి గోడను కొత్త పిస్టన్‌కు సరిపడా కోయించే పని. ఇక్కడ మనకు ఒక అదృష్టం ఉంది: సునాబెడలో యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేసే కర్మాగారం ఉండడం వల్ల, అక్కడ పనిచేసి దిగిన టర్నర్ల చేతికింద పని నేర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల లేత్ షాపుల్లో కనిపిస్తారు. మైక్రోమీటర్ చూపించి మాట్లాడే షాపుకే ఇవ్వండి. కొత్త పిస్టన్‌ను ముందు కొని, దాన్ని కొలిచి, దానికి తగినట్టు బోరు చేయించాలి గానీ, బోరు చేయించి పిస్టన్ వెతకకూడదు. గాలితో చల్లబడే 58 మి.మీ. బోరుకు 0.05 మి.మీ. చుట్టుపక్కల సందు నేను వదిలిస్తాను. కొండ మీద తక్కువ వేగంలో గాలి తగలదు కాబట్టి ఒక పిసరు ఎక్కువైనా తప్పులేదు. బోరు అయ్యాక ప్రతి పోర్టు అంచునూ సన్నని ఆకురాయితో అర మిల్లీమీటరు మేర వాలుగా రుద్దించాలి. ఒకసారి ఒక షాపు ఈ పని మరిచిపోయిన బ్లాక్‌ను నేను తొందరలో చూడకుండా బిగించాను. నలభై కిలోమీటర్లలో పై రింగు సైలెన్సర్ పోర్టు అంచుకు తగులుకుని ముక్కలైంది. అప్పటి నుంచి పోర్టులోకి చిటికెన వేలు పోనిచ్చి అంచు తడమనిదే ఏ బ్లాకునూ బిగించను.

ఇక హెడ్. మీ ట్యూనర్ హెడ్ కోస్తానన్నాడు గానీ ఎంత అన్నది చెప్పలేదు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. హెడ్‌లో చూడవలసినవి రెండు: పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య మిగిలే స్క్విష్ సందు, హెడ్‌లో పట్టే ఘనపరిమాణం. సందు కొలవడానికి ఎలక్ట్రికల్ షాపులో దొరికే మెత్తటి సోల్డర్ తీగ, 1.5 లేదా 2 మి.మీ. మందం ఉన్నది తీసుకుని, ప్లగ్గు రంధ్రంలోంచి గోడకు తగిలేదాకా లోపలికి పెట్టి, చేత్తో మ్యాగ్నెట్‌ను మెల్లగా తిప్పి, పిస్టన్ దాన్ని నలిపాక తీసి కొలవండి. పిస్టన్ పిన్ను ఉన్న వరుసలో ఎడమ, కుడి రెండు వైపులా కొలవాలి. ముందు వెనకలుగా కొలిస్తే పిస్టన్ ఊగి తప్పు చూపుతుంది. 1 నుంచి 1.2 మి.మీ. మధ్య ఉంటే సరిపోయినట్టే. 1.5 మి.మీ. దాటి ఉంటే ఆ అంచున చిక్కుకున్న మిశ్రమం సమయానికి మండక, వేడెక్కి, తనంత తానే పేలుతుంది. అందువల్ల చాలామంది భయపడేదానికి విరుద్ధంగా, సందు సరైన మేరకు తగ్గించడం ఇంజన్‌కు రక్ష.

ఘనపరిమాణానికి లెక్క చేయండి. 58 మి.మీ. బోరు, 50 మి.మీ. స్ట్రోక్ కలిపితే 132 సి.సి. పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు 12 సి.సి. అయితే మొత్తం నిష్పత్తి 12కు 1. కానీ టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ పోర్టు మూసుకునేదాకా నొక్కుడు మొదలే కాదు. క్రాంకు తిరిగే ఒక్కో చుట్టు 360 డిగ్రీల్లో ఆ పోర్టు 185 డిగ్రీల పాటు తెరిచి ఉంటే, కనెక్టింగ్ రాడ్ పొడవు స్ట్రోక్‌కు రెట్టింపు ఉందనుకున్నప్పుడు, నొక్కడానికి మిగిలేది 27 మి.మీ. మాత్రమే, అసలు నిష్పత్తి 7కు 1 దగ్గర తేలుతుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కు, పైగా మే నెలలో 40 డిగ్రీలు దాటే రాయగడ ఎండకు, నేను అంతకు మించి పోనివ్వను. పిస్టన్‌ను సరిగ్గా పైన నిలిపి, మందుల షాపులో దొరికే సిరంజితో ప్లగ్గు రంధ్రం పై మర కూడా మునిగేదాకా పలచని ఆయిల్ పోసి, ఎంత పట్టిందో లెక్కపెట్టుకోవచ్చు. ప్లగ్గు మరలు పట్టే ఒకటిన్నర రెండు సి.సి.లను అందులోంచి తీసేయడం మరవకండి.

పోర్టుల విషయంలో నా సలహా ఒక్కటే: మొదటి ఏడాది ముట్టుకోకండి. ఆధునిక ఎండ్యూరో ఇంజన్లలో పవర్ వాల్వ్ అని ఒకటి ఉంటుంది. కింద ఆర్‌పీఎంలో సైలెన్సర్ పోర్టు ఎత్తును తగ్గించి, పైకి పోయినప్పుడు పెంచుతుంది. మన ఆర్‌ఎక్స్‌కు ఆ వెసులుబాటు లేదు, ఒక ఎత్తు ఎంచుకుని దానికే కట్టుబడాలి. మీ ఇంజన్‌లో ఆ పోర్టును 1 మి.మీ. పైకి జరిపితే అది తెరిచి ఉండే కాలం దాదాపు 4.5 డిగ్రీలు పెరుగుతుంది, నొక్కుడు తగ్గుతుంది, కింద లాగుడు పోతుంది. కోసిన లోహాన్ని తిరిగి అతికించలేరు. తప్పక చేయాలనిపిస్తే ముందు మ్యాగ్నెట్ మీద డిగ్రీల చక్రం పెట్టి ఉన్నది ఎంతో కొలవండి. మొత్తం మీద 185 దాటకండి, వెడల్పు 36 మి.మీ. దాటకండి. అంతకంటే వెడల్పయితే రింగు ఉబ్బి పోర్టులోకి తొంగిచూస్తుంది. బ్లాక్‌లోని ట్రాన్స్‌ఫర్ దారులు, కింద ప్యాకింగ్, కేసు నోళ్లు ఒకదానితో ఒకటి మెట్టు లేకుండా కలిసేలా రుద్దడం వరకు మాత్రం నిర్భయంగా చేయవచ్చు.

చాంబర్ కూడా అంతే, దాని పొడవే దాని గుణం. పోర్టు తెరుచుకోగానే పుట్టిన ఒత్తిడి అల పైపులో పరుగెత్తి, చివరి శంకువుకు తగిలి, పోర్టు మూసుకునే లోపు తిరిగివచ్చి, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని వెనక్కి నెట్టాలి. 185 డిగ్రీల పోర్టు 7,500 ఆర్‌పీఎం దగ్గర సెకనులో వెయ్యింట 4.1 వంతుల సేపే తెరిచి ఉంటుంది. వేడి వాయువులో అల సెకనుకు దాదాపు 518 మీటర్లు పోతుందనుకుంటే, అంతలో 2.13 మీటర్లు తిరిగివస్తుంది. అందులో సగం, అంటే 1,065 మి.మీ., పోర్టు అంచు నుంచి వెనక శంకువు నడిమి దాకా ఉండవలసిన పొడవు. అదే 9,500 ఆర్‌పీఎంకు లెక్కిస్తే 840 మి.మీ. వస్తుంది. రేసు కోసం చేసిన పొట్టి చాంబర్ మీకు పనికిరాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. అమ్మే మనిషి దగ్గరికి టేపు పట్టుకుని వెళ్లి, పైపు నడిమి గీత వెంట కొలవండి. ఒక మీటరుకు తగ్గితే తీసుకోకండి. మంచి పొడుగు చాంబర్ దొరకకపోతే కంపెనీ సైలెన్సర్‌నే మసి కాల్చి, శుభ్రం చేసి వాడుకోండి, కొండ మీద అది మీకేమీ లోటు చేయదు.

కార్బొరేటర్. కంపెనీ కార్బొరేటర్ నోరు 20 మి.మీ. దగ్గర ఉంటుంది. 28 అంటే విస్తీర్ణం దాదాపు రెట్టింపు, గాలి వేగం సగం. పావు థ్రాటిల్‌లో ఆ నీరసపు గాలి జెట్ నుంచి పెట్రోలును సరిగ్గా పీల్చలేదు, ఒక్కసారిగా తెరిస్తే ఇంజన్ గుటక వేసినట్టు ఆగి, తర్వాత ఎగిరిపడుతుంది. తడి రాతి మీద అది మిమ్మల్ని పడేస్తుంది. 24 మి.మీ. వరకు ఒప్పుకుంటాను, అంతకు పైన వద్దు. మిశ్రమాన్ని లోపలికి మాత్రమే పోనిచ్చే రీడ్ వాల్వ్ రేకులను మాత్రం ఇప్పుడే విప్పి దీపానికి అడ్డంగా పట్టి చూడండి, అంచు విరిగినా వెలుతురు గీతలా కనిపించినా మార్చేయండి.

జెట్ల పనికి థ్రాటిల్ పిడి మీద, దాని పక్కన ఉన్న తొడుగు మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకోండి. మూసి ఉన్నప్పటి నుంచి పావు వరకు పైలట్ జెట్ (ఐడిల్‌కు పెట్రోలు ఇచ్చే చిన్న జెట్), ఎయిర్ స్క్రూ, థ్రాటిల్‌తో పైకి లేచే స్లైడ్ అంచు కోత, వీటి మాట చెల్లుతుంది. పావు నుంచి ముప్పావు వరకు స్లైడ్‌కు వేలాడే సూది, అంటే నీడిల్‌ది. ఆపైన మెయిన్ జెట్‌ది. ఏ గీత దగ్గర తేడా వస్తే దానికి సంబంధించినదాన్నే, ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను పూర్తిగా మూసి, మెల్లగా విప్పుతూ ఐడిల్ అన్నిటికంటే పైకి పోయే చోటు పట్టుకోండి. అది ఒకటి నుంచి రెండు చుట్ల మధ్య పడితే పైలట్ జెట్ సరైనదే. ఒక చుట్టు లోపే పడితే పెద్ద జెట్ కావాలి, రెండున్నర దాటితే చిన్నది కావాలి. మెయిన్ జెట్ కోసం, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తి థ్రాటిల్‌తో కొంత దూరం పోయి, క్లచ్ పట్టి అదే క్షణం తాళం ఆపేసి, ప్లగ్గు తీసి చూడాలి. ఐడిల్‌లో నడుపుకుంటూ వచ్చి చూసిన ప్లగ్గు ఏమీ చెప్పదు. పింగాణీ చివర రంగు కాదు, లోతున ఇనుముకు అతుక్కున్న చోట కనిపించే ఉంగరం చూడండి. అక్కడ కాఫీ గింజ రంగు గీత ఉండాలి. తెల్లగా ఉంటే వెంటనే పెద్ద జెట్ వేయండి.

ఈ పరీక్ష ఎక్కడ చేస్తారన్నదే అన్నిటికంటే ముఖ్యం. కోరాపుట్‌లో చేయకండి. మీరు తిరిగే దారుల్లో అన్నిటికంటే కింద ఉన్న చోట, గుణుపురం వైపో సాలూరు వైపో, శీతాకాలం పొద్దున చేయండి. మే నెల 42 డిగ్రీల గాలికంటే జనవరి ఉదయం 15 డిగ్రీల గాలి 9 శాతం చిక్కన, అంటే మిశ్రమం నాలుగైదు శాతం పలచబడుతుంది. ఆ చోట, ఆ వేళ సరిపోయిన జెట్‌తో దేవమాలి ఎక్కితే ఇంజన్ కాస్త బరువుగా, గురగురమంటూ నడుస్తుంది, అంతే. అది మరీ ఇబ్బంది పెడితే పైన నీడిల్ క్లిప్పును ఒక గాడి పైకి జరిపి, దిగేముందు తిరిగి కిందికి మార్చండి. పైన కుదిర్చిన జెట్‌తో కిందికి దిగడం మాత్రం మీరు ఇప్పటికే చూసిన కథ. ఎంత పెంచాలని అడిగితే, ఇ20 కోసం కంపెనీ అంకె మీద 8 శాతం పెద్ద మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి, ప్లగ్గు చెప్పినట్టు ఒక్కో మెట్టు దిగండి.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి కార్బొరేటర్ నోటికి శంకువు ఫిల్టర్ తగిలించే అలవాటు మన వైపు బాగా పెరిగింది. ఈ లాటరైట్ ఎర్రమట్టి దుమ్ములో అది ఇంజన్‌కు ఉరితాడే. ఫోమ్‌ను కిరోసిన్‌లో కాదు, సబ్బు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, ఆయిల్‌లో ముంచి పిండి, పెట్టె అంచున గ్రీజు రాసి బిగించండి. దుమ్ము కాలంలో ప్రతి వారం చేయాలి. గొలుసును తిప్పే ముందు స్ప్రాకెట్ 14 పళ్లది ఉంటే 13కు మార్చండి. దాదాపు 8 శాతం లాగుడు అక్కడే వచ్చేస్తుంది, ట్యూనర్ చెప్పిన ప్యాకేజీలో పదో వంతు ఖర్చు కూడా కాదు.

ఇక ఆయిల్, ఘాట్. మీ బండిలో ఆయిల్ పంపు థ్రాటిల్ వైరుతో కలిసి పనిచేస్తుంది: థ్రాటిల్ ఎంత తెరిస్తే అంత ఆయిల్. ఘాట్‌లో మూడో గేరు వేసి, థ్రాటిల్ పూర్తిగా మూసి, ఇంజన్‌నే బ్రేకుగా వాడుతూ దిగారని రాశారు. అప్పుడు క్రాంకు అయిదారు వేల ఆర్‌పీఎంలో తిరుగుతున్నా దానికి ఐడిల్‌లో ఇచ్చినంతే పెట్రోలు, అతి తక్కువ ఆయిల్ అందుతాయి. అలా మలుపు తర్వాత మలుపు దిగి, గోడ మీద పొర ఎండిపోయిన సిలిండర్‌తో చదునుకు చేరి, పలచని జెట్‌తో థ్రాటిల్ మొత్తం తెరిచారు. ఫోర్ స్ట్రోక్ బండికి దిగుడులో ఇంజన్ బ్రేకు మంచి అలవాటు, టూ స్ట్రోక్‌కు కాదు. ముందు పంపు వైరు సాగిందేమో, పంపు మీది గుర్తు దాని చోటికి వస్తోందో లేదో చూడండి. నమ్మకం లేకపోతే పంపు తీసేసి, లీటరు పెట్రోలుకు 30 మి.లీ. మంచి 2టి (టూ స్ట్రోక్) ఆయిల్ ట్యాంకులోనే కలుపుకోండి. వానాకాలంలో కలిపిన ఇ20ను ట్యాంకులో వారాల తరబడి ఉంచకండి, ఇథనాల్ తేమను పీల్చి నీరు అడుగుకు చేరుతుంది. కలుపుడు పెట్రోలుతో నడిపినా దిగుడులో జాగ్రత్త అదే. వేగాన్ని రెండు బ్రేకుల మీద పంచుకుని, ప్రతి మలుపు ముందు క్లచ్ పట్టి రెండుసార్లు థ్రాటిల్ విదిలించండి, ఆ విదిలింపుతో సిలిండర్‌కు ఒక గుక్క ఆయిల్ దొరుకుతుంది. సుంకి ఘాట్ అడుగున చదును మొదలయ్యాక కనీసం రెండు కిలోమీటర్లు సగం థ్రాటిల్ దాటకుండా నడిపి, ఆ తర్వాతే పూర్తిగా తెరవండి.